మూడు రంగుల ఒరలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురు. నాన్న యోహేయ్, అమ్మ కినూ, వదిన షిగె, వదిన కూతురు నాలుగేళ్ళ మియో, పదిహేనేళ్ళ నుయి. ఆరోవాడు గెన్‌జో. నుయికి అన్న, షిగెకి మొగుడు. అతను రెండేళ్ళ క్రితమే చైనా యుద్ధంలో పోయాడు. అయినా లోపలి గదిలో దేవుడి గూట్లో నల్ల పలక మీద బంగారు అక్షరాల్లో అతని పేరుంది. పొద్దున పొయ్యి మీంచి దిగిన మొదటి అన్నం చిన్న గిన్నెలో అతనికే పెడతారు. అందుకని ఆ ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు అతన్ని వదిలెయ్యరు.

పది కాకముందే ఏడో మనిషి వచ్చాడు. కత్తుల పనివాళ్ళ సంఘంలో గుమాస్తా, పేరు హోసొయె. సైకిల్ గోడకి ఆనించి, వెనక కట్టుకొచ్చిన గుడ్డ మూట విప్పి, మూడు కత్తి ఒరలు తీసి వసారాలో పక్కపక్కన పరిచాడు.

"చూడండి యోహేయ్ గారూ. ఇది మార్చిలో మీరు సైన్యానికి పంపింది. ఇది జూన్‌లోది. ఇది పోయిన నెలది. మూడింటి మీదా మీ ఇంటి గుర్తే ఉంది. నేను ఎవరివో తెచ్చి మీకు అంటగట్టట్లేదు."

కళ్ళు చికిలించి చూడవలసిన పని లేదు. మార్చి ఒర ముదురు టీ ఆకు పచ్చ. జూన్ ఒర వానకి తడిసి ఆరిన వరిగడ్డి. సెప్టెంబరు ఒర అచ్చం పులుసులో కలిపే మీసో సోయా ముద్ద రంగు.

"తనిఖీ చేసే సార్జెంట్ కురిమోతో గారు ఏమన్నారో తెలుసా," అన్నాడు హోసొయె, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఈ ఇంటాయన ఎన్ని సైన్యాలకి పనిచేస్తున్నాడు అన్నారు. ఒకటి అడవిలో దాక్కునేది, ఒకటి పొలంలో దాక్కునేది, ఒకటి పులుసులో దాక్కునేదీనా అన్నారు."

తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

యోహేయ్ వంగి బొటనవేలితో మూడు ఒరల్నీ నిమిరాడు. "మిగతా ఇళ్ళవాళ్ళవి బాగున్నాయా?"

"బాగానా? ఊళ్ళో ఎవరి ఒరకీ ఇంకొకరి ఒరకీ పోలిక లేదు. పసుపు రంగు దొరక్క కొందరు, నూనె దొరక్క కొందరు. కింద వీధిలో ఒకాయన చేపనూనెలో కలిపాడు, ఆ బండి వెంట స్టేషన్ దాకా పిల్లులు పోయాయి. కానీ వాళ్ళవి ఎటుపడితే అటు పోయాయండీ. మీవి అలా కాదు. నెలనెలకీ మెట్లు దిగినట్టు ఒకే వైపు దిగాయి. అదే సార్జెంట్‌ గారికి ఎక్కింది. సైన్యం ఇచ్చిన మంచి రంగు అమ్ముకుని, నెలకింత మట్టి ఎక్కువ కలుపుతున్నారని ఆయన అనుమానం."

"నలభై ఏళ్ళుగా ఒరలకి రంగు వేస్తున్నాను," అన్నాడు యోహేయ్.

"నాకు తెలుసు. ఆయనకి తెలీదు కదా. మధ్యాహ్నం వస్తారు. రంగు పోల్చుకోమని మీకిచ్చిన మచ్చు రేకు చూస్తారు. రంగు కలిపిందెవరో పేరు రాసుకుంటారు. పేరు లేకుండా ఆ కాగితం పైకి పోదు. యజమాని పేరు రాస్తే కొట్టు మూత. పనిచేసేవాళ్ళ పేరైతే, ఆ మనిషిని తీసేస్తే సరిపోతుంది." ఎవరి వైపూ చూడకుండా అన్నాడు, "కలిపేది ఎవరో వీధిలో అందరికీ తెలిసిందే. నాకు టీ వద్దండి అమ్మగారూ. ఇవాళ మీ ఇంట్లో తాగినా నాకు అరగదు."

కలిపేది షిగె. గెన్‌జో యుద్ధానికి వెళ్ళాక యోహేయ్ చూపు దగ్గరివాటికి మందగించింది. అప్పటినుంచి ఆ పని ఆమెదే. పసుపూ మసీ నీలమూ కాస్త ఎర్రమట్టీ నూనెలో నూరి, ఎడమ బొటనవేలి గోరు మీద చుక్క పెట్టుకునేది. ఉత్తరపు కిటికీ దగ్గర నిలబడి గోరుని మచ్చు రేకు అంచుకి ఆనించేది. రెండింటి మధ్యా గీత కనిపించకుండా పోయేదాకా కలిపేది. రంగు వేసిన ఒర పొయ్యిపెట్టెలో కాలితే రంగు ఎంత ముదురుతుందో ఆ లెక్క కూడా ఆమె కంటిలోనే ఉండేది. నుయి పక్కన నిలబడి చూసేది. వదిన గోరు ఎక్కడ ఆగిందో, రేకు ఎక్కడ మొదలైందో ఎన్నిసార్లు చూసినా నుయికి తెలిసేది కాదు.

హోసొయె వెళ్ళాక యోహేయ్ పెరట్లోకి చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"షిగె. రేపు పొద్దున బండికి గుజోలో మీ పుట్టింటికి వెళ్ళిపో. మీ అన్నయ్యకి ఉత్తరం రాసిస్తాను."

షిగె ఒరల్ని గుడ్డలో చుడుతోంది. చేతులు ఆగాయి.

"మియో ఇక్కడే ఉంటుంది," అన్నాడు యోహేయ్. "అది గెన్‌జో బిడ్డ. ఈ ఇంటి పిల్ల."

"అలాగే మామయ్యా," అంది షిగె.

అంతే. చేతులు మళ్ళీ కదిలాయి. గుడ్డ కొసలు కలిపి ముడి వేసింది.

నుయికి కోపం ముందు నాన్న మీద రాలేదు, ఆ 'అలాగే' మీద వచ్చింది. నాలుగేళ్ళ పిల్లని వదిలి పొమ్మంటే మనిషి అనవలసిన మాట అదా? కనీసం ఆ మూట నేలకేసి కొట్టొచ్చు కదా? తర్వాత నాన్న మీద వచ్చింది. తర్వాత తన మీద. తనూ అక్కడే ఉంది, తనకీ నోరుంది, అది తెరుచుకోలేదు.

వంటింట్లో అమ్మ ముల్లంగి ఆకులు తరుగుతోంది. నాలుగు గింజల బియ్యం, మిగతా అంతా ఆకులు.

"అమ్మా, నువ్వు విన్నావా?"

"విన్నాను. గోడలు కాగితంవే."

"మరి నాన్నతో ఏదైనా చెప్పు."

"ఏం చెప్పను? కొట్టు మూసేసుకుని అందరం కలిసి గుజో పోదామని చెప్పనా? వాళ్ళన్న ఇంట్లో ఉన్నది రెండు గదులు."

"వదిన రంగు దొంగతనం చెయ్యలేదు."

"చేసిందని ఎవరన్నారు?"

"పొమ్మంటే అన్నట్టే కదా."

కినూ కత్తి ఆపలేదు. "బళ్ళో నిన్ను ఆల్చిప్ప అనేవాళ్ళు. పాఠం చదవమంటే పంతులమ్మ ఎదురుగా గుటకలు మింగి కూచునేదానివి. నేనెప్పుడూ నిన్ను తప్పు పట్టలేదు. ఇవాళ కూడా ఆల్చిప్పలాగే ఉండు, పుణ్యముంటుంది. పో, ఆ మచ్చు రేకు తెచ్చి మీ నాన్నకివ్వు. ఆ సార్జెంట్ వచ్చేసరికి చేతికి అందేలా ఉండాలి."

మచ్చు రేకు అరచేతంత ఉంటుంది. ఒక వైపు రంగు, రెండో వైపు సైన్యం ముద్ర. ఫిబ్రవరిలో అది వచ్చిన రోజు యోహేయ్ కొత్త బట్టలు కట్టుకుని రెండు చేతులా అందుకున్నాడు. చక్రవర్తి పేరున వచ్చిన వస్తువు గోడ మేకుకి వేలాడకూడదన్నాడు. గచ్చకాయంత నునుపుగా ఒక చెక్క పీట చేసి, దానికి గాడి తీసి, రేకుని అందులో నిలబెట్టి, దేవుడి గూట్లో గెన్‌జో పలక పక్కనే పెట్టాడు. రంగు కలిపే రోజు పీటతో సహా దింపి కిటికీ దగ్గర పెట్టడం, పని కాగానే పీటతో సహా మళ్ళీ గూట్లోకి చేర్చడం. గుడ్డ పెట్టి తుడవకూడదు, గాడిలోంచి తియ్యకూడదు. పొద్దునా సాయంత్రం అగరొత్తులు వెలిగించి, గెన్‌జోకి పెట్టిన దణ్ణమే దానికీ పెట్టేవాళ్ళు.

నుయి గూడు ముందు మోకాళ్ళ మీద కూచుంది. కోపంలో చెయ్యి దురుసుగా పడింది. పీట గూటి అంచుకి తగిలి పక్కకి ఒరిగింది. రేకు గాడిలోంచి ఊడి చాప మీద పడింది.

రేకు తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది, ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని. పెచ్చు లేవలేదు. రేకంతా సెప్టెంబరు ఒర రంగే. కానీ కింద అంచున, గాడిలో దాగి ఉన్న వేలెడంత పట్టీ పచ్చగా ఉంది. ముదురు టీ ఆకు పచ్చ.

కాసేపు ఆమెకి ఏమీ అర్థం కాలేదు. తర్వాత గూటి వైపు చూసింది. గూటి పైచెక్క పొగచూరి నల్లబడి ఉంది. గెన్‌జో పలక మీద బంగారు అక్షరాలు కూడా రెండేళ్ళ కిందటి బంగారంలా లేవు. ఎనిమిది నెలలు, పూటకి మూడేసి అగరొత్తులు. మచ్చు రోజురోజుకీ మారిపోయింది. వదిన కన్ను ఏ రోజు మచ్చుకి ఆ రోజు సరిగ్గా కలిపింది.

నుయి రేకుని రెండు చేతుల్లో పెట్టుకుని రంగు గదికి పరిగెత్తింది. అది పెరటికి అవతల విడిగా ఉంటుంది. లోపల నాన్నా వదినా ఉన్నారు.

"నాన్నా, ఇది చూడు." మాట గొంతులోంచి సగమే వచ్చింది. మిగతా సగం వేలితో చూపించింది.

యోహేయ్ రేకు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టి చూశాడు. ఆయన మెడ మీద ఒక నరం కదలడం నుయి చూసింది. ఆయనకి అర్థమైంది. తనకన్నా తొందరగానే అర్థమైంది.

షిగె కూడా వచ్చి ఆ పచ్చ పట్టీ చూసింది. చాలా నెమ్మదిగా, తనతో తను అనుకున్నట్టు అంది: "నేను సరిగ్గానే కలిపాను."

పొద్దుటినుంచీ ఆమె మాట్లాడని మాట అదేనని నుయికి అప్పుడు తెలిసింది. గుజో గురించి కాదు, మియో గురించి కూడా కాదు. తన కన్ను పోయిందేమోనని ఆమె లోపల్లోపల చస్తూ ఉంది.

"ఇప్పుడు వదిన వెళ్ళక్కర్లేదు కదా," అంది నుయి.

యోహేయ్ రేకు బల్ల మీద పెట్టాడు. నూనె గిన్నె అడుగున మిగిలిన మడ్డిలో వేలు ముంచి, కాస్త మసి, కాస్త ఎర్రమట్టి అద్దుకుని, రెండు మునివేళ్ళ మధ్య నలిపాడు. రేకు కింది అంచున ఒక్కసారి, ఎడమనుంచి కుడికి లాగాడు. పచ్చ పట్టీ మాయమైంది. మిగతా రేకుకీ దానికీ మధ్య గీత లేదు. చూపు మందగించినా నలభై ఏళ్ళ చెయ్యి ఆయనది.

"మచ్చు పొగచూరింది, నిజమే," అన్నాడు. "ఇక్కడ, పొయ్యిపెట్టె మీద మేకుకి వేలాడి పొగచూరింది. అక్కడ తగిలించింది షిగె. నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. సార్జెంట్ అడిగితే అదే మాట. షిగె, విన్నావా?"

"అలాగే," అంది షిగె. ఈసారి మామయ్యా అనలేదు.

"అది అబద్ధం," అంది నుయి.

"ఏది నిజం? సైన్యం వస్తువుని నేను పాడుచేశానని చెప్పమంటావా? మీ అన్నకి వెలిగించిన అగరొత్తుల వల్ల పాడైందని చెప్పమంటావా? చచ్చినవాణ్ణి తెచ్చి ఆ కాగితంలో ఎక్కించమంటావా?" గొంతు పెంచలేదు ఆయన. పెంచి ఉంటే నుయికి కాస్త బాగుండేది. "నా పేరు పోతే కొట్టు పోతుంది. ఐదుగురి కూడు పోతుంది. షిగె పోతే షిగె ఒక్కతే పోతుంది. లెక్క రాదా నీకు? బళ్ళో ఏం నేర్పారు?"

ఆయన రేకుని పొయ్యిపెట్టె పైన మేకుకి తాడు కట్టి వేలాడదీశాడు. చక్రవర్తి పేరున వచ్చిన వస్తువుని మేకుకి వేలాడదీయకూడదని చెప్పిన చేతులే అవి. చిన్నప్పటినుంచీ నుయికి ఊళ్ళో అందరికీ గొప్పగా చూపించాలనిపించిన చేతులు. వాటిని అసహ్యించుకోవడం ఎలాగో ఆమెకి అలవాటు లేదు. నేర్చుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

సార్జెంట్ కురిమోతో రెండు గంటలకి వచ్చాడు. చిన్న మనిషి, పెద్ద బూట్లు. వెంట హోసొయె కాగితాల పలక పట్టుకుని నడిచాడు. ఇంట్లో అందరూ రంగు గది ముందు మట్టి నేల మీద వరసగా మోకాళ్ళ మీద కూచున్నారు. మియో తల్లి చెయ్యి పట్టుకుని బూట్లని చూస్తోంది.

సార్జెంట్ తన జేబులోంచి సొంత మచ్చు రేకు తీసి, మేకు మీంచి దింపిన రేకు పక్కన బల్ల మీద పెట్టాడు. పచ్చా, మీసో రంగూ.

"ఇది నేనిచ్చిందే అంటావా?"

"వెనక ముద్ర ఉందండి అయ్యా," అన్నాడు యోహేయ్, నుదురు వంచి. "పొయ్యి పొగ పట్టింది. నా కోడలు అజాగ్రత్తగా పొయ్యి మీద తగిలించింది. పెద్దవాణ్ణి, కళ్ళు సరిగ్గా ఆనవు, నేను గమనించలేదు. రేపే పుట్టింటికి పంపించేస్తున్నాను."

"కోడలు ఏది?"

"నేనేనండి," అంది షిగె.

"పొయ్యి మీద తగిలించింది నువ్వా?"

"నేనే."

"పొగ అంటుందని తెలీదా? పల్లెటూరి ఆవుకి కూడా తెలుస్తుంది పొగ దగ్గర నిలబడకూడదని." హోసొయె వైపు చెయ్యి చాపాడు. "రాసుకో. పేరేమిటి?"

నుయికి నోరు రాలేదు. ప్రయత్నించింది, అసలు రాలేదు. బళ్ళో లాగే గుటక మాత్రం పడింది. కానీ కాళ్ళు లేచాయి. అమ్మ ఆమె చొక్కా అంచు పట్టుకోబోయింది, అందలేదు. నుయి బల్ల దగ్గరికి వెళ్ళి, మచ్చు రేకు తీసుకుని, కింది అంచుని తన చొక్కా చేతితో గట్టిగా, చర్మం ఊడదీసినట్టు తుడిచింది. పచ్చ పట్టీ బయటపడింది.

"ఏయ్," అన్నాడు సార్జెంట్.

ఆమె అప్పటికే పెరడు దాటి ఇంట్లోకి పోయింది. చెక్క పీటతో తిరిగొచ్చింది. అందరి ముందూ రేకుని గాడిలో దించింది. పచ్చ పట్టీ మొత్తం గాడిలోకి పోయింది, వెంట్రుకంత కూడా పైకి మిగల్లేదు.

సార్జెంట్ పీటని చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"ఇది ఎక్కడుంటుంది?"

నుయి ఇంటివైపు చూపించింది.

"చెయ్యి కాదు, నోరు."

"దేవుడి గూట్లో," అంది నుయి. గొంతు తనది కానట్టు బొంగురుగా వచ్చింది, కానీ వచ్చింది. "అన్నయ్య పలక పక్కన. మొదటినుంచీ అక్కడే. వదిన దాన్ని పొయ్యి మీద పెట్టలేదు. వదిన ఏ రోజు మచ్చుకి ఆ రోజు కలిపింది. తప్పు ఒక్కసారి కూడా కలపలేదు."

సార్జెంట్ యోహేయ్ వైపు తిరిగాడు. "సైన్యం మచ్చుని దేవుణ్ణి చేశావన్నమాట. చేసి, పొగబెట్టి చంపావు. చంపి, ఆ శవాన్ని ఆడదాని మీదికి తోశావు."

"తప్పైపోయిందయ్యా."

"నాకెందుకు చెప్తావు? ఎవరిని పాడుచేశావో వాళ్ళకి చెప్పు." ఆయన పీటని నేల మీద పెట్టాడు, రేకు యోహేయ్ వైపు తిరిగేలా. "పొద్దునా సాయంత్రం దణ్ణం పెట్టేవాడివి కదా. ఇప్పుడు పెట్టు. క్షమించమని అడుగు. నుదురు నేలకి తగలాలి."

యాభై ఎనిమిదేళ్ళ యోహేయ్ అరచేతంత రేకు ముందు నేలకి నుదురు ఆనించాడు. "క్షమించాలి," అన్నాడు. "వినపడలేదు," అన్నాడు సార్జెంట్, రేకు తరఫున. యోహేయ్ మళ్ళీ అన్నాడు. మియో కిసుక్కున నవ్వింది. షిగె దాని నోరు మూసింది.

నుయి అది కోరుకోలేదు. నాన్న నిజం ఒప్పుకోవాలని కోరుకుంది. నేలకి తల ఆనించాలని కాదు. ఇప్పుడు ఆ చిన్న మనిషి పెద్ద బూట్ల మీద కూడా ఆమెకి కోపం వచ్చింది. ఇది కూడా తనే తెచ్చిపెట్టిందన్న కోపం దాని మీద ఎక్కింది. ఏ కోపం ఎవరిదో విడదీసుకోలేక, చేతులు పిడికిళ్ళు చేసుకుని నిలబడింది.

"అయ్యా, పేరు ఎవరిది రాయను?" అన్నాడు హోసొయె, కలం పట్టుకుని.

సార్జెంట్ ఆలోచించాడు. యుద్ధంలో పోయినవాడికి వెలిగించిన అగరొత్తులు సైన్యం వస్తువుని పాడుచేశాయని కాగితం మీద పెడితే, దాన్ని చదివే పైవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఆయనకి కనిపించినట్టుంది.

"తేమ అని రాయి. వాతావరణంలో తేమ వల్ల మచ్చు మారింది."

"పేరు లేకుండా పైకి పోదన్నారండి మీరు."

"తేమకి పేరు పెట్టి బారసాల చెయ్యమంటావా? రాయి." తను తెచ్చిన పచ్చ రేకుని బల్ల మీద యోహేయ్ వైపు తోశాడు. "ఇది కొత్తది. చీకట్లో పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టండి."

"అదైతే ఎలాగూ ఖాళీయే," అని గొణిగాడు హోసొయె.

"గోధుమరంగు ఒరలు ఎన్నున్నాయి? రెండొందల నలభయ్యా? పది రోజుల్లో రంగు గీకి మళ్ళీ వెయ్యాలి." షిగె వైపు గడ్డం ఎగరేశాడు. "రోజుకింత మారే మచ్చుకి గీత పడకుండా కలిపింది ఈమేనా? అయితే ఈమె ఈ ఇంట్లోంచి కదలకూడదు. పుట్టిల్లూ లేదు, గిట్టిల్లూ లేదు. పది రోజుల తర్వాత వస్తాను."

బూట్ల చప్పుడు వీధి చివరికి పోయేదాకా యోహేయ్ తల ఎత్తలేదు. ఎత్తాక నుదుటి మీద మట్టి అంటుకుని ఉంది. కినూ తుడవబోతే ఆమె చెయ్యి పక్కకి తోశాడు. లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా రంగు గదిలోకి వెళ్ళిపోయాడు. వెనకే షిగె వెళ్ళింది.

నుయి గెలిచింది. వదిన ఉంటుంది, మియోకి అమ్మ ఉంటుంది. ఆ మాట తనకి తను రెండుసార్లు చెప్పుకుంది.

పని మొదలైందని లోపలి గీకుడు చప్పుళ్ళని బట్టి తెలిసింది. పొయ్యిపెట్టెకి బొగ్గు మోయడం ఎప్పుడూ నుయి పనే. బుట్ట నింపుకుని రంగు గది గడప దగ్గరికి వెళ్ళింది. నాన్న కిటికీ వైపు తిరిగి ఒక ఒర గీకుతున్నాడు. నుదుటి మీది మట్టి అలాగే ఉంది.

"షిగె," అన్నాడు, తల తిప్పకుండా. "ఆ బుట్ట అక్కడే పెట్టమను. ఇవాల్టినుంచి ఈ గదిలో అడుగు పెట్టొద్దని చెప్పు. ఒగాకిలో నూలు మిల్లుకి ఆడపిల్లల పేర్లు తీసుకుంటున్నారు. రేపు హోసొయెకి దీని పేరిస్తాను. అక్కడే పడుకోడానికి చోటిస్తారట. సోమవారం వెళ్తుంది."

నుయి బుట్ట దించింది. వదిన వైపు చూసింది, ఆమె ఏదైనా అంటుందని. షిగె నూరుతున్న రాయి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, గడప దగ్గరికి వచ్చింది. లోపలికి వినపడనంత నెమ్మదిగా మాట్లాడింది.

"నిన్నెవరడిగారు?"

"వదినా, నేను నీ కోసం..."

"తెలుసు. నా కోసమే. అందుకే అడుగుతున్నాను. ఒక్క చలికాలం మా అన్న ఇంట్లో కూచునేదాన్ని. రంగు కలిపేవాళ్ళు లేక వసంతానికి మామయ్యే ఉత్తరం రాసేవాడు. నేను తలొంచుకుని వచ్చేదాన్ని, ఆయన తలెత్తుకుని రమ్మనేవాడు. ఇప్పుడు ఆయన తల నా ముందు నేలకి తగిలింది. నా కూతురు నవ్వింది. ఆ తలకి ఎదురుగా నేను రోజూ కూచోవాలి, అర్థమవుతోందా? ఎన్నేళ్ళో తెలీదు."

"ఉత్తరం రాయకపోతే? మియో నిన్ను మర్చిపోతే?"

"ఆ భయం నాది. దాన్ని నువ్వు నా చేతిలోంచి లాక్కుని రేకు తుడిచావు."

నుయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఉక్రోషం. "అయితే నోరుమూసుకుని ఉండాల్సిందా? నువ్వు అలాగే అలాగే అంటూ ఉంటే చూస్తూ ఉండాల్సిందా?"

షిగె గడప మీద పడ్డ బొగ్గు ముక్కని కాలితో పక్కకి జరిపింది.

"తలుపు," అన్నాడు యోహేయ్ లోపల్నించి. "తడి రంగు మీద దుమ్ము పడుతుంది."

షిగె జరుపు తలుపు అంచు మీద రెండు చేతులూ పెట్టింది. నుయి చెయ్యి గుమ్మం చట్రాన్ని పట్టుకుని ఉంది. తియ్యలేదు. షిగె ఆ వేళ్ళ వైపు చూసి, తలుపు సగంలో ఆపింది. చివరికి నుయే చెయ్యి తీసింది. షిగె తలుపు మూసేసింది.